చర్మకారుని యింటినుండి శతాధిపతి యింటికి

పఠన భాగములు: అపొస్తలుల కార్యములు 9:43, 10:1–48, 11:1–18, గలతీయులకు 2:11–14
కంఠస్థము చేయవలసినది: అపొస్తలుల కార్యములు 10:34, 35



ఈ మాసము మనము ధ్యానించుటకు కొర్నేలీ వృత్తాంతమును ఎన్నుకొంటిమి. ఇది మీరు అనేక పర్యాయములు వినిన కథయే. సండేస్కూలు పిల్లలు సహితము ఆకాశమునుండి దిగిన దుప్పటిని గూర్చి చెప్పగలరు. అయితే ఆ దుప్పటిని చూచిన మనుష్యుడు ఎవరి యింటి మిద్దెమీద నుండెనో, అక్కడనుండి ఎవరి యింటి గడప దాటెనో, దాటినందుకు తనవారియొద్ద ఏమి మాట పడెనో మనము నిదానముగా చూచినవారము కాము. దయచేసి మీ బైబిళ్లు తెరచి ఈ పాఠమును మాతోకూడ అనుసరించుడి. చదువురాని పెద్దలకు ఇంటిలోని పిల్లలు చదివి వినిపింపవలెను.

1. యొప్పేలోని యిల్లు

పేతురు యొప్పేలో సీమోనను చర్మకారుని యొద్ద బహుదినములు నివసించెనని 9వ అధ్యాయము చివర నున్నది. ఆ యిల్లు సముద్రపు దరినుండెనని 10:6లో చెప్పబడినది. లూకా ఈ రెండు సంగతులను ఊరకే వ్రాయలేదు. చచ్చిన జంతువును ముట్టినవాడు సాయంకాలమువరకు అపవిత్రుడని లేవీయకాండము 11:39 చెప్పుచున్నది. దినదినము తోళ్లు పదును చేయువాని సంగతి ఇక చెప్పనేల? యూదుల పెద్దల కట్టుబాట్లను కూర్చిన మిష్నా అను గ్రంథములో, తోళ్లు పదును చేయు స్థలము ఊరికి ఏబది మూరల దూరమున నుండవలెనని యున్నది. భర్త చేయు ఆ పనిని భార్య ఓర్వలేకపోయినచో విడిపోవుటకు కూడ అందులో వీలు కలదు. కాబట్టి సీమోను యిల్లు సముద్రపు దరినుండుట గాలి కొరకు కాదు. ఊరు ఆయనను అక్కడ నుంచెను.

మన పల్లెలలో పుట్టినవారికి ఈ మాట వివరింపనక్కరలేదు. లంద యొక్క వాసన, సున్నపు నీళ్లు, తంగేడు చెక్క, ఊరికి దూరముగా నుండిన పాలెము, ఇవి మన తాతల కాలపు జ్ఞాపకములు. మనలో అనేకులకు ఇవి సొంత యింటి జ్ఞాపకములే. అపొస్తలులలో ముఖ్యుడు అట్టి యింట చాప వేసికొని పండుకొనెను. ప్రభువు తన సంఘపు తలుపును అన్యజనులకు తెరచుటకు పిలిచిన వేళ, పేతురు దేవాలయపు మంటపములో లేడు. చర్మకారుని మిద్దెమీద నుండెను.

యొప్పే రేవును గూర్చి మరియొక మాట. పూర్వము యోనా నీనెవెకు పోనొల్లక ఓడ యెక్కిన రేవు ఇదియే (యోనా 1:3). పరజనులయొద్దకు పొమ్మని దేవుడు చెప్పగా ఒకడు అక్కడనుండి తప్పించుకొని పారిపోయెను. అదే ఊరిలో దేవుడు మరియొకనిని పిలిచెను. ఇతడును మొదట సమ్మతింపలేదు.

2. వద్దు ప్రభువా

మధ్యాహ్నము పేతురు మిక్కిలి ఆకలిగొనెను. ఆ ఆకలి వేళనే దర్శనము కలిగెను. దుప్పటిలో నున్నవాటిని చంపి తినుమని స్వరము చెప్పగా పేతురు ఒప్పుకొనలేదు. ముమ్మారు ఆలాగు జరిగెను. ప్రభువా అని పిలుచుచునే వద్దని చెప్పుట విచిత్రము కాదా? అయినను మనము పేతురును చూచి నవ్వరాదు. అతడు మొండివాడై పలికిన మాట కాదది. తల్లి నేర్పినది, తాత పాటించినది, చిన్ననాటినుండి నోటికి అలవాటైనది అతని చేత ఆలాగు పలికించెను. కొన్ని గోడలు ఊరిలో నుండును. కొన్ని గోడలు మన కంఠములోనే యుండును. ముద్ద దిగనీయవు.

చర్మకారుని యింట నివసించిన పేతురు సహితము రోమీయుని యింటికి పోవుటకు సంకోచించెనని గమనించుడి. ఒక హద్దు దాటినవాడు అన్ని హద్దులును దాటినవాడు కాడు. తనకు క్రిందుగా ఎంచబడినవానితో కలిసి యుండగలిగినను, తమ దేశమును ఏలుచున్న పరాయి జనుని యింటికి పోవుట అతనికి కష్టమాయెను. మనలోను ఇట్లే జరుగును. ఒకరి విషయములో మనము విశాల హృదయులము. మరియొకరి విషయములో మన తలుపు గడియ వేసియుండును.

3. రెండు గడపలు

కొర్నేలీ పంపిన ముగ్గురు మనుష్యులు వచ్చిరి. 10:23 చూడుడి. పేతురు వారిని లోపలికి పిలిచి ఆతిథ్యమిచ్చెను. తాను వారి గడప దాటుటకు ముందు వారు ఇతడున్న యింటి గడప దాటిరి. ఆ రాత్రి చర్మకారుని యింట యూదుడైన అపొస్తలుడును రోమా శతాధిపతి పంపిన మనుష్యులును ఒక్క కప్పుక్రింద నుండిరి. మరునాడు బయలుదేరి సుమారు 30 మైళ్లు నడచి, ఆ మరునాడు కైసరయ చేరిరి. కైసరయ హేరోదు రాజు కట్టించిన రేవు పట్టణము. రోమా అధిపతి అక్కడనే నివసించెడివాడు. పేతురు ఒంటరిగా పోలేదు, ఆరుగురు సహోదరులను వెంట తీసికొని పోయెను (11:12). హద్దు దాటువాడు సాక్షులతో పగటివేళ దాటవలెను. చీకటిలో పోయి చీకటిలో వచ్చుట దాటుట కాదు.

ఇంటిలో ప్రవేశింపగానే కొర్నేలీ పేతురు పాదములమీద పడెను. పేతురు అతనిని లేవనెత్తి, తానును మనుష్యుడనేనని చెప్పెను (10:25, 26). ఇది మిక్కిలి లోతైన మాట. యూదుని దృష్టిలో కొర్నేలీ అపవిత్రుడు. రోమా ప్రభుత్వపు దృష్టిలో పేతురు ఏలుబడిక్రింద నున్న ఒక జాలరి. ఒక లెక్కలో ఇతడు ఎక్కువ, మరియొక లెక్కలో అతడు ఎక్కువ. సువార్త ఈ రెండు లెక్కలను కొట్టివేసెను. సువార్త నిమిత్తము సాగిలపడవలసినవాడు లేడు, సాగిలపడిన మ్రొక్కులు అందుకొనవలసినవాడును లేడు. ఇద్దరును నిలువబడి ముఖాముఖిగా మాటలాడిరి. పేతురు ప్రసంగము ముగియకముందే పరిశుద్ధాత్మ వారిమీదికి దిగెను. బాప్తిస్మమైన తరువాత కొన్ని దినములు తమయొద్ద నుండుమని వారు వేడుకొనిరి.

4. యెరూషలేములో అడిగిన ప్రశ్న

ఇప్పుడు 11:3 చదువుడి. పేతురు యెరూషలేమునకు రాగానే సహోదరులు వాదము పెట్టుకొనిరి. వారేమని అడిగిరి? అన్యునికి ఎందుకు బోధించితివని కాదు, ఎందుకు బాప్తిస్మమిచ్చితివని కాదు. సున్నతి లేనివారి యింటికి పోయి వారితో భోజనము చేసితివే యనియే అడిగిరి.

ప్రియులారా, ఇక్కడ ఆగి ఆలోచింతము. బోధించుటకు అభ్యంతరము లేదు, పాట పాడుటకు అభ్యంతరము లేదు. చందా తీసికొనుటకు ఎన్నడును అభ్యంతరము లేదు. భోజనమునొద్దనే అభ్యంతరము! మన పల్లెలలోను గుడివరకు అందరము ఒకటే. గుడి దాటిన తరువాత బాటలు రెండగును. పేతురు కోపపడక జరిగినదంతయు వరుసగా విడమరచి చెప్పెను. వారు విని ఊరకుండి దేవుని మహిమపరచిరి (11:18). వారిని కూడ మెచ్చుకొనవలెను. అడిగిరి, విని మనస్సు మార్చుకొనిరి.

5. అంతియొకయలో జారిన కాలు

కథ ఇక్కడ ముగిసినచో ఎంత బాగుండును! గాని పరిశుద్ధ గ్రంథము మన బలహీనతలను దాచదు. గలతీ పత్రిక 2వ అధ్యాయములో పౌలు వ్రాసినదేమనగా, అంతియొకయలో పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి భుజించుచుండెను. యాకోబు యొద్దనుండి కొందరు రాగా వెనుకకు తీసి వేరై పోయెను. ఎందుకు? సిద్ధాంతము మారినందున కాదు, భయము వలన. బర్నబా సహితము ఆ వేషములో కొట్టుకొనిపోయెను. పౌలు అందరియెదుట పేతురును నిలదీసెను.

దర్శనము చూచినవాడు, ఆత్మ దిగుట కన్నులార కనినవాడు మరల జారెను. దీనివలన మనము నేర్చుకొనవలసినది, హద్దు ఒక్క దినమున దాటి ముగించునది కాదు. మన వాళ్లు చూచుచున్నప్పుడు కూడ దాటవలెను.

6. విడువవలసినదేది, విడువనక్కరలేనిదేది?

కొందరు సహోదరులు మమ్మును అడుగుచుందురు. అయ్యగారూ, హద్దులు లేవందురు, అయితే మన భాష, మన పాట, మన పేరు, మన వంట కూడ విడువవలెనా? అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయము దీనికి జవాబు. యెరూషలేములో అపొస్తలులును పెద్దలును కూడి, అన్యజనులు యూదులు కానక్కరలేదని తీర్మానించిరి. గ్రీకువాడు గ్రీకువాడుగానే క్రీస్తునొద్దకు రావచ్చును. తీతు సున్నతి పొందలేదు (గలతీ. 2:3). తల్లి యూదురాలైన తిమోతికి పౌలు సున్నతి చేయించెను (అపొ. కార్య. 16:3). ఒకరిని ఒకరివలె మార్చుట సువార్త పని కాదు.

యెరూషలేము దేవాలయపు ఆవరణములో అన్యజనులు దాటరాని అడ్డుగోడ యొకటి యుండెను. దాటినవానికి మరణమని గ్రీకు భాషలో చెక్కిన రాతిపలక 1871లో దొరికినది. పౌలు ఎఫెసీ 2:14లో మధ్యగోడను గూర్చి వ్రాసినప్పుడు, ఆ రాళ్లు చదువరుల కన్నులయెదుట మెదలియుండవచ్చును. క్రీస్తు పడగొట్టినది ఆ గోడను. గోడకు ఇరువైపుల నున్నవారి భాషను కాదు, పాటను కాదు.

మన తెలుగు సంఘమునకు దీనికి మంచి దృష్టాంతములు కలవు. పురుషోత్తమ చౌదరి గారు 1803లో బ్రాహ్మణ కుటుంబములో జన్మించిరి. ఆయన క్రీస్తును అంగీకరించి, తెలుగు కీర్తనల రీతిలో ప్రభువును స్తుతించిరి. శాస్త్రములు చదివిన యింట పుట్టినవాని పాటలను నేడు కూలిపని చేయు మన తల్లులు తాళము వేసి పాడుచున్నారు. ఆయన తన పాండిత్యమును పారవేయలేదు, దానిని అందరి నోటికి పంచిపెట్టెను. బిషప్ అజరయ్య గారు తిరునల్వేలి ప్రాంతపు తమిళులు. తెలుగు నేర్చుకొని మన దోర్నకల్లుకు సేవకై వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో మొదటి బిషప్పు ఆయనయే. 1910లో ఎడింబరోలో జరిగిన మిషనెరీ మహాసభలో, త్యాగము చేసి వచ్చిన తెల్లవారిని స్నేహమును కూడ ఇమ్మని ఆయన ధైర్యముగా అడిగిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయములో ఈ దేశపు కట్టడముల రీతులు కలిసియున్నవి. మన గుడి పరాయి గుడివలె నుండనక్కరలేదని ఆ రాళ్లు చెప్పుచున్నవి.

కాబట్టి ఒక కొలత పెట్టుకొందము. మన అలవాటు పొరుగువానికి మన యింట చోటు చూపునదైనచో అది దేవుడిచ్చిన ఈవి, దానిని ఉంచుకొందము. పొరుగువానిని అరుగుమీదనే నిలుపునదైనచో అది గోడ, దానిని తీసివేయుదము.

7. ఒంగోలు సంగతి

1866లో యర్రగుంట్ల పేరయ్య గారు ఒంగోలులో బాప్తిస్మము పొందిరి. ఆయన మాదిగ కులస్థులు, తోళ్ల వర్తకులు. చర్మకారుడైన సీమోను మన జిల్లాలో తిరిగి పుట్టెనా యనిపించును! ఆయన మూలముగా పల్లెలు కదలసాగెను. అప్పుడు క్లౌ దొరగారికి ఒక చిక్కు కలిగెను. పై కులములవారును బోధయందు ఆసక్తి కనుపరచుచుండిరి. పల్లెలవారిని చేర్చుకొనినచో వారు ఎడమగుదురు. దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో ప్రార్థించి బైబిలు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీ 1:26 మొదలగు వచనములే కనబడెనని దొరగారి జీవిత వృత్తాంతములో నున్నది. వారు పల్లెలవారిని చేర్చుకొనిరి. 1876–78 సంవత్సరముల గొప్ప కరవు కాలములో దొరగారు బకింగుహాము కాలువ పని కొంత భాగము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి చూపిరి. కరవు సహాయము సాగుచున్నన్నాళ్లు, అన్నము కొరకు వచ్చిరను మాట రాకుండ బాప్తిస్మములు నిలిపిరి. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో వెలుంపిల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఇది మన గౌరవము. అయితే మన అవమానమును కూడ చెప్పవలెను. కొన్ని చోట్ల ఒక పల్లె ఒక మిషనుతోను ప్రక్క పల్లె మరియొక మిషనుతోను చేరుటవలన, కులపు గీతయే సంఘపు గీత యాయెను. ఊరు మనలను బయట నుంచెనని మొరపెట్టుకొనిన మనమే, మాల, మాదిగ యను పేర్లతో గుడిలో వేర్వేరు వరుసలు వేసికొంటిమి.

8. మా ఒప్పుకోలు

ఇంతవరకు పేతురును గూర్చి వ్రాసితిమి. ఇప్పుడు మమ్మును గూర్చి వ్రాయక తప్పదు. మేము మిషను వేదపాఠశాలలో చదువునప్పుడు అన్ని పల్లెల బిడ్డలతో ఒకే వరుసలో కూర్చుండి భుజించితిమి. అక్కడ మాకు సంకోచము లేదు. సేవలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో, మేము పుట్టిన పల్లెవారు కాని మరియొక పాలెములో కూటము జరిపితిమి. కూటమైన తరువాత ఒక వృద్ధురాలు మమ్మును భోజనమునకు పిలిచెను. మా వెంట మా పల్లె పెద్దలు ఇద్దరుండిరి. వారి ముఖములు చూచితిమి. కడుపు బాగులేదమ్మా అని చెప్పి వచ్చివేసితిమి. కడుపు బాగుగనే యుండెను. ఇంటికి వచ్చి అన్నము తింటిమి.

మరుసటి నెల ప్రభువు బల్ల యాచరణ తరువాత ఆ అవ్వ గుడి వాకిట నిలిచి, కోపము లేకుండనే అడిగెను: "అయ్యగారూ, గుళ్లో రొట్టె విరిచి మా చేతిలో పెడతారు. మా చేతి ముద్ద మాత్రం మీకు పడదేమోనండీ?"

మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆ రాత్రి గలతీ పత్రిక 2వ అధ్యాయము చదువుట మాకు ఎంత కష్టమాయెనో ప్రభువునకు తెలియును. పౌలు పేతురుతో పలికినది ఆ అవ్వ మాతో పలికెను. పౌలు కంటె మెల్లగా పలికెను, అంతియే.

ఆ వారములోనే ఆ యిద్దరు పెద్దలను వెంటబెట్టుకొని ఆ యింటికి పోయితిమి. "అవ్వా, ఆనాడు మేము చెప్పినది అబద్ధము. నీ వంట వద్దని కాదు, మావాళ్లకు భయపడి చెప్పితిమి. క్షమించుము. ఈ దినము అన్నము పెట్టుము" అని అడిగితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత కంచము కడిగి జొన్నన్నమును చింతచిగురు పప్పును వడ్డించెను. మేమును ఒక పెద్దయును భుజించితిమి. రెండవ పెద్ద తనకు ఉపవాసమని చెప్పి అరుగుమీదనే కూర్చుండెను. ఆయన చాలకాలము అరుగుమీదనే యుండెను. మేము ఆయనను నిందింపలేదు, ఆయన వేషము మేము వేసినదే గదా. అవ్వ ప్రభువు నిద్రలో నుంచబడిన దినమున ఆయన వచ్చి పాడెకు భుజము పట్టెను. బ్రదికియున్నప్పుడు ముద్ద తినియుంటే బాగుండెడిదని దారిలో మాతో అనెను. అందుచేతనే ఈ పాఠమును వ్రాయుచున్నాము. ప్రియులారా, పాడె మోయువరకు ఆగవద్దు.

9. మన సంఘములో చేయవలసినవి

మొదటిది, అంటరానితనమును రాజ్యాంగము 1950 నుండియే నేరముగా ఎంచుచున్నది. అయినను నేటికిని కొన్ని పల్లెలలో వేరు గ్లాసు, వేరు వరుస వినబడుచున్నవి. ఊరివారిని న్యాయము అడుగుటకు మనకు హక్కు కలదు. గాని మన యింట రెండు గ్లాసులుంచుకొని వారి గ్లాసులను ఎత్తిచూపలేము.

రెండవది, పంట కానుకల పండుగ నాడు వంట ఎవరు చేయుదురు, వడ్డన ఎవరు చేయుదురు అను దానిని సంఘ పెద్దలు ప్రార్థనతో ఏర్పాటు చేయవలెను. అన్ని పాలెముల చేతులును ఆ కుండలో నుండవలెను.

మూడవది, వివాహ సంబంధములు వచ్చినప్పుడు మొదటి ప్రశ్న ఏది? అబ్బాయి ప్రభువును ఎరుగునా, కష్టపడి పనిచేయునా, త్రాగుడు లేదా అని అడుగుదుమా? లేక ఏ పల్లెవారని అడుగుదుమా? తల్లిదండ్రులు దీనిని మోకాళ్లమీద ఆలోచింపవలెను.

నాలుగవది, సమాధుల దొడ్డిలో గీతలు గీయకుడి. పునరుత్థాన దినమున బూర ఒక్కటే మ్రోగును.

ఐదవది, క్రీస్తును ఎరుగని పొరుగువారిని, హిందువులైనను ముసల్మానులైనను, తక్కువగా మాటలాడకుడి. ఏ మనుష్యుని అపవిత్రుడనవద్దని పేతురు నేర్చుకొనిన పాఠము (10:28) మనకును చెల్లును. బంధువుల యింటి కష్టములో మనము ముందుండవలెను.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. పేతురు చర్మకారుని యింట నుండియు కొర్నేలీ యింటికి పోవుటకు ఎందుకు సంకోచించెను? మన విషయములో ఎవరి గడప కష్టముగా నున్నది?
2. యెరూషలేము సహోదరులు భోజనమును గూర్చియే ఎందుకు వాదించిరి?
3. మన అలవాట్లలో ఉంచుకొనదగినవి మూడు, విడువవలసినవి రెండు చెప్పుడి.
4. ఈ నెలలో మీరు ఇదివరకు ఎన్నడును భుజింపని ఏ సహోదరుని యింట భుజింతురు? ఎవరిని మీ యింటికి పిలుతురు?

ప్రార్థన

ప్రభువా, మా కంఠములోని గోడలు నీవు ఎరుగుదువు. చర్మకారుని మిద్దెమీద నీ సేవకుని పిలిచినట్లు మమ్మును పిలువుము. మావారికి భయపడి నీ పిల్లలయొద్ద చెప్పిన అబద్ధములను క్షమించుము. మా భాషతోను మా పాటతోను నీయొద్దకు వచ్చితిమి, పొరుగువాని చేయి పట్టుకొని వచ్చుటకును కృపనిమ్ము. నీ బల్లయొద్ద కూర్చుండు మమ్మును ఒకరి యింట ఒకరము కూర్చుండనిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.